గొంబెస్సా చేప, సితీనా ఇల్లు

తొట్టిలోంచి నీళ్లు తోడాలి. కొబ్బరి కోరి పాలు తీయాలి. కర్రపెండలం ఆకు దంచాలి. భర్త హమాదీ తెల్ల అంగీ ఇస్త్రీ చేయాలి. ఇవన్నీ ముగించుకుని సితీనా పొద్దున్నే మ్యూజియంలో ఉండాలి. పక్క దీవుల నుంచి టీచర్లు వస్తున్నారు. వాళ్ళకు గొంబెస్సా చేప గురించి చెప్పే పని మొదటిసారి ఆమెకు దక్కింది. ఇన్నాళ్లూ ఆ చేప ఉన్న గాజుపెట్టె తుడిచేది ఆమె, దాని గురించి మాట్లాడేది మగవాళ్ళు.

ఆకు దంచుతూనే చెప్పాల్సిన మాటలు వల్లెవేసుకుంటోంది. రాళ్లలో ముద్రలు చూసి, ఈ జాతి రాక్షసబల్లులతోపాటే అంతరించిపోయిందని పెద్ద చదువులవాళ్ళు తేల్చేశారు. ఈ కొమొరోస్ దీవుల ఆడవాళ్ళేమో దానికి ఉప్పు పట్టించి ఎండబెడుతూ, ఒట్టి నూనె చేప అని విసుక్కుంటూనే ఉన్నారు. లేదని ఎవరో రాస్తే లేకుండా పోతుందా? తమ వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి తను. పెళ్ళయిన కొత్తలో హమాదీ ఆ పట్టా చూసి, "దాచుకో, ఉక్కపోసినప్పుడు విసురుకోవచ్చు" అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

"మధ్యాహ్నం ఊరిపెద్దలు భోజనానికొస్తున్నారు. ఇవాళ కదలకు" అన్నాడు హమాదీ వరండాలోంచి.

"వండి పెట్టి వెళ్తాను."

"వడ్డించేదెవరు? నీ చచ్చిన చేపా?"

"మీకూ చేతులున్నాయిగా."

హమాదీ వేలెత్తి గుమ్మం చూపించాడు. "ఆ గడప దాటావో, మళ్ళీ నా ఇంట్లో అడుగు పెట్టకు."

రోకలి ఆగింది. సముద్రం అవతల మార్సెయి నగరంలో అద్దెగదుల్లో బతికొచ్చి మరిచిపోయినట్టున్నాడు. ఈ దీవిలో ఇల్లు ఆడదానిది. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి తనకు వచ్చింది. పెళ్ళినాడు ఇందులోకి పెట్టె పట్టుకుని వచ్చినవాడు అతను.

సితీనా చేతులు కడుక్కుని, లోపలికెళ్ళి ఆ పెట్టె తెచ్చి మెట్టు మీద పెట్టింది. ఇస్త్రీ అంగీ మడిచి దాని మీద ఉంచింది.

"ఏంటిది?"

"మీ ఇల్లెక్కడుందో వెతుక్కోండి. భోజనం మీ అక్కగారింట్లోనని పెద్దలకు కబురు పంపుతాను. ఎందుకని అడిగితే, ఇది 'నా ఇల్లు' అని మీరన్న మాటే చెప్తాను."

హమాదీ అంగీ చంకన పెట్టుకుని పెట్టె అందుకున్నాడు. ఆ మాట వింటే పెద్దలు ఎవర్ని చూసి నవ్వుతారో అతనికి తెలుసు.

మ్యూజియంలో ఆమె టీచర్లను గాజుపెట్టె ముందు నిలబెట్టి మొదలుపెట్టింది.

"ఇది ఆడచేప. గాలానికి చిక్కినప్పుడు కడుపులో పిల్లలున్నాయి. ఏళ్ళ తరబడి మోసి కంటాయివి. ఇన్ని కోట్ల ఏళ్ళు ఈ జాతి నిలిచిందంటే, అట్లా మోసిన తల్లులవల్లే. పట్టినవాడి పేరు గోడమీద రాశారు, మీ పిల్లలకు చదివించండి. కనకుండానే పోయిన ఈ తల్లిని మాత్రం మీరు గుర్తుపెట్టుకోండి."