టీచరు తలుపుకూ ఒక టేపు

ఓర్నెల్లా టీచరు పిల్లలతో ప్రయాణానికి సంచి సర్దుకునేటప్పుడు జపమాల కంటే ముందు టేపు చుట్ట పెట్టుకుంటుంది. గోడలకు రంగులు వేసేవాళ్ళు అంచుల మీద అంటించే కాగితం టేపు అది. పిల్లలు పడుకోబోయే ముందు ప్రతి గది తలుపునూ గుమ్మాన్నీ కలిపి ఒక ముక్క అడ్డంగా అంటించి, దాని మీద పొడి సంతకం చేస్తుంది. తెల్లారాక చూస్తే టేపు ఉన్నది ఉన్నట్టుండాలి. చిరిగిందంటే లోపలివాడు బయటికి వెళ్ళాడన్నమాట. ఇటలీలో ఫొలీన్యో అనే ఊళ్ళో ఆ బడి పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. వాళ్ళ అన్నలూ అక్కలూ కూడా ఆ టేపు వెనక నిద్రపోయినవాళ్ళే.

ఈసారి ఆఖరి ఏడు పిల్లల యాత్ర. ఇన్స్‌బ్రుక్, వియన్నా, ప్రాగ్, తిరుగుదారిలో మ్యూనిక్. అసలిది ఆగిపోవలసిన యాత్రే. చలికాలంలో ఎలియా అనే కుర్రాడు ఎవరితోనో పందెం కట్టి, వరండాలో మంటలార్పే సిలిండరు మీట నొక్కి, బడి చూడడానికి వచ్చిన పెద్దమనిషిని నిలువునా సున్నం కొట్టినట్టు చేశాడు. దాంతో వాడి నడవడిక మార్కు అంచు మీదికి వచ్చింది. ఇంకొక్క మచ్చ పడితే వేసవిలో ఆఖరి పరీక్షకు కూర్చోనివ్వరు. ఏడాది పోయినట్టే. "వాణ్ణి వదిలేసి మీరు వెళ్ళండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "వాడు లేకపోతే మేమెవరమూ వెళ్ళం" అన్నారు క్లాసు పిల్లలు. ఇద్దరూ దిగిరాలేదు. చివరికి ఓర్నెల్లా లేచి, "వాడికి నేను పూచీ" అంది.

ఆ మాట ఎందుకు అందో ఆమెకే తెలియదు. ఆమె చెప్పేది మతపాఠం. ఇష్టమున్నవాళ్ళు వినవచ్చు, లేనివాళ్ళు బయటికి పోవచ్చు. ఎలియా మొదటి ఏడు నుంచీ బయటికి పోయినవాడే. ఆమె పాఠం చెప్పే గంటసేపూ కాఫీ యంత్రం పక్కన గోడకు చేరగిలబడి ఉండేవాడు. ఇంటికి వెళ్ళి భర్త రెనాతోకు సంగతి చెబితే ఆయన పప్పుచారులో రొట్టె ముంచుకుంటూ, "పెళ్ళి రోజున నాకు కూడా ఇంత గట్టిగా మాటివ్వలేదు నువ్వు" అన్నాడు.

ఆమెతో పాటు వచ్చిన రెండో పెద్దమనిషి సర్వే పాఠాలు చెప్పే కర్లోని మాస్టారు. అన్నిటినీ కొలిచి చూసే మనిషి. బస్సు నడిపేది సెత్తిమియో. కొండలు దాటి ఇన్స్‌బ్రుక్‌లో దిగీ దిగగానే ఒక గుక్క కాఫీ తాగి, "దీన్ని కాఫీ అనరు, కాఫీ గిన్నె కడిగిన నీళ్ళంటారు" అని తేల్చేశాడు. ఆ పూట నుంచి బస్సు ఎక్కడ ఆగినా చిన్న పొయ్యి వెలిగించి సొంత కాఫీ కాచుకున్నాడు. పిల్లలు ఆ వాసనకు ఈగల్లా మూగేవాళ్ళు.

ఓర్నెల్లాకు ఒక అలవాటు ఉంది. పెళ్ళికి ముందు నుంచీ ఏ రోజూ ఉదయపు పూజ తప్పలేదు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు చంకన వేసుకుని వెళ్ళేది, జ్వరం వస్తే శాలువా కప్పుకుని వెళ్ళేది. పరాయి ఊళ్ళోనైనా ముందు రోజే హోటలు వాళ్ళను అడిగి దగ్గర్లో చర్చి ఎక్కడుందో తెలుసుకునేది. యాత్రలో టీచర్లు పిల్లల్ని వదిలి ఎక్కడికీ పోకూడదన్న నియమం ఆమెకు తెలియక కాదు. పిల్లలు నిద్రలో ఉంటారు, పక్క గదిలో కర్లోని ఉంటాడు, అందరూ లేచేసరికి వచ్చేస్తాను కదా అనుకునేది. ఇన్స్‌బ్రుక్‌లో వెళ్ళి వచ్చింది. వియన్నాలో వెళ్ళి వచ్చింది. వచ్చి చూస్తే తలుపుల మీద టేపులన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. చూశావా, నేను ఆయన దగ్గరికి వెళ్తే ఆయన వీళ్ళ దగ్గర కాపలా ఉన్నాడు అనుకుంది. ఆ లెక్క ఆమెకు ఎంతో బాగా కుదిరింది.

ప్రాగ్‌లో కూడా చీకటి విడవకముందే కోటు తొడుక్కుని తలుపు లాగింది. చిర్రుమని ఏదో చిరిగిన చప్పుడైంది. కోటు లోపలి గుడ్డ గడియకు తగులుకుందేమో, ఇంటికి వెళ్ళాక కుట్టుకుందాం అనుకుని మెట్లు దిగింది.

చర్చిలో పట్టుమని పదిమంది లేరు. చలి. ఫాదర్ గారి భాష ఒక్క ముక్క తెలియదు గానీ, ఎక్కడ లేవాలో ఎక్కడ మోకరించాలో తెలియకుండా ఉండదు. ముందు వరసలో ఒక ముసలాయన చేతికర్ర జారి రాతినేల మీద టంగుమని పడితే ఓర్నెల్లా వెళ్ళి తీసి ఇచ్చింది. సత్‌ప్రసాదం తీసుకుని వచ్చి కళ్ళు మూసుకుని, "తండ్రీ, ఆ ఎలియాను ఇంకో రెండు రోజులు తలుపు లోపలే ఉంచు. మాట ఇచ్చి ఉన్నాను" అని వేడుకుంది.

తిరిగి వచ్చేసరికి హోటలు కింది హాల్లో కర్లోని మాస్టారు నిలబడి ఉన్నాడు. జుట్టు దువ్వుకోలేదు. ఎదురుగా ఎలియా, చేతిలో కాగితం సంచి.

"రా ఓర్నెల్లా, నీ పూచీ ఎలా ఉందో చూడు" అన్నాడు కర్లోని. "బస్సు పక్కకు తీయాలని సెత్తిమియో వచ్చి లేపితే బయటికి వచ్చాను. వీడి తలుపు టేపు రెండు ముక్కలు. కిందికి దిగితే దొరగారు వీధిలోంచి లోపలికి వస్తున్నారు. ఎక్కడికి పోయావురా అంటే రొట్టెకట!"

"రొట్టెకే మాస్టారూ" అన్నాడు ఎలియా, సంచి చూపించి.

"హోటల్లో ఉచితంగా పెడుతుంటే నీకు వీధి రొట్టె కావలసి వచ్చిందా?"

"ఇక్కడి రొట్టె సెత్తిమియో కాఫీలో ముంచితే మెత్తబడడం లేదు."

"నోరు ముయ్. ఫొలీన్యోలో బడి తెరవగానే ప్రిన్సిపాల్ గారికి ఫోను చేస్తాను." అప్పుడు చూశాడు ఆమె కోటు, మెడ చుట్టూ శాలువా. "పాపం, నువ్వూ వీణ్ణి వెతకడానికే వెళ్ళావా?"

ఓర్నెల్లా అవుననలేదు, కాదనలేదు. చేతి తొడుగులు తీసుకుంటూ ఉండిపోయింది. ఎలియా ఒక్కసారి ఆమె వంక చూశాడు. కర్లోని ఆ మౌనాన్ని అవునని తీసుకుని పైకి వెళ్ళిపోయాడు.

గదికి వచ్చి తలుపు ముందు ఆగింది ఓర్నెల్లా. గుమ్మానికి ఒక టేపు ముక్క వేలాడుతోంది. తలుపు మీద దాని రెండో సగం. తన చుట్టలోదే. సంతకం పెట్టవలసిన చోట నీలం కలంతో ఒక కన్ను బొమ్మ వేసి ఉంది.

ఫలహారాలయ్యాక అందరూ వంతెన వైపు నడిచారు. కర్లోని ముందు నడుస్తూ వంతెన కమాను ఎంత వెడల్పో అంచనా కట్టమని పిల్లల్ని అడుగుతున్నాడు. ఓర్నెల్లా వెనకబడింది. ఆమె పక్కకు జినెవ్ర వచ్చి చేరింది. క్లాసులో ఎవరి తరఫునైనా మాట్లాడవలసి వస్తే అందరూ ముందుకు నెట్టేది ఆ పిల్లనే.

"టీచర్, తిట్టనంటే ఒక మాట చెబుతాను."

"తిట్టను."

"ప్రమాణం?"

"చెప్పవే పిల్లా."

"మీ తలుపుకు టేపు వేయించింది మేమే, మీరు పడుకున్నాక సెత్తిమియో చేత. మీ చుట్ట బస్సులో మరిచిపోతే ఒక ముక్క కొట్టేశాం. రోజూ మీరే మమ్మల్ని చూస్తే ఎలా, మేమూ చూద్దామని. వియన్నాలో మీరు తెల్లారగట్ల బయటికి వెళ్ళడం మా కిటికీలోంచి కనిపించింది. ఎక్కడికా అని పందెం కట్టుకున్నాం."

"ఏమని?"

జినెవ్ర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "వద్దులెండి."

"చెప్పు."

"మీకెవరో ఉన్నారని, టీచర్. ఊరికొక ప్రియుడు. ఎలియా మాత్రం కాదన్నాడు. రెనాతో అంకుల్ అంత బాగా వండుతాడు, వేరేవాడెందుకు అన్నాడు. ఆవిడ బయట ఎక్కడో సిగరెట్టు కాలుస్తుంది అని పందెం వేశాడు."

ఓర్నెల్లాకు నవ్వొచ్చింది. నవ్వలేకపోయింది. "తర్వాత?"

"తర్వాత ఏముంది, పొద్దున్నే లేచి మీ టేపు చూడడం వాడి వంతు. మీ గది ఎదురుగానే కదా, తలుపు కన్నంలోంచి చూస్తే చిరిగి ఉంది. బయటికి వస్తే మీరు మెట్ల కింద ఉన్నారట. వెనకే వచ్చేశాడు. వాణ్ణి పంపింది మేమే టీచర్. మాస్టారితో ఇది చెబితే మీ పేరు బయటికి వస్తుంది, నోరెత్తారంటే చూడండి అని వాడు మా అందరి నోళ్ళూ కట్టేశాడు."

నది మీద గాలి గట్టిగా ఉంది. ఎలియా వంతెన పిట్టగోడ పక్కన ఒక రాతి విగ్రహం కింద నిలబడి మిగిలిన రొట్టె తింటున్నాడు. ఓర్నెల్లా వాడి దగ్గరికి వెళ్ళింది.

"పందెం ఓడిపోయావట."

ఎలియా జినెవ్ర వైపు కోపంగా చూసి, నమిలింది మింగాడు. "ఓడిపోలేదు. ఎవరూ గెలవలేదు. చర్చి అని ఎవరూ వేయలేదు."

"లోపలికి వచ్చావా?"

"స్తంభం వెనక. బయట చలిగా ఉంది." రొట్టె ఇంకో ముక్క తుంచి, "ఆ ముసలాయన మీకంటే ముందే లేచాడు, గుమ్మం దగ్గర కర్ర మళ్ళీ పడింది. నేను తీసిచ్చాను. నా గెడ్డం పట్టుకుని ఏదో అన్నాడు, అర్థం కాలేదు" అన్నాడు.

"మాస్టారు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే మీరు ఇరుక్కుంటారు. నేను ఎలాగూ ఇరుక్కున్నవాణ్ణే కదా టీచర్. ఒక బురద గుంటలో ఇద్దరెందుకు?"

"పరీక్ష పోతుంది నీకు."

వాడు భుజాలెగరేశాడు గానీ రొట్టె సంచి మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

ఓర్నెల్లా పిట్టగోడ పట్టుకుని నీళ్ళ వంక చూసింది. వీణ్ణి తలుపు లోపల ఉంచమని తను అడుగుతున్నప్పుడు వీడు తన వెనకే స్తంభం చాటున ఉన్నాడు. తను ఆ పూజకు వెళ్ళకపోతే వీడు గది దాటేవాడే కాదు. అలా అయితే ఆ ప్రార్థన అవసరమే ఉండేది కాదు. మరి దేవుడు తన మాట విననట్టా? తనే ఆయన్ని కాపలా పెట్టి పోయినట్టా? ఇన్నాళ్ళూ టేపులు చిరగకుండా ఉన్నది ఆయన చూసినందువల్లా, పిల్లలు నిద్రపోయినందువల్లా? ఆమెకు తెలియలేదు. ఒక్కటి మాత్రం తెలిసింది. పొద్దున హాల్లో తొడుగులు తీసుకుంటూ ఊరుకోవడం, అబద్ధం నోటితో చెప్పకుండా ఒంటితో చెప్పడమే.

వంతెన దాటాక కర్లోని ఫోను తీస్తుంటే ఆమె వెళ్ళి పక్కన నిలబడింది.

"నేను మాట్లాడతాను" అంది. "నేను వీణ్ణి వెతకడానికి వెళ్ళలేదు. పూజకు వెళ్ళాను. వీడు నా వెనక వచ్చాడు."

"పూజకా? ఈ ఒక్క రోజేనా?"

"ఇన్స్‌బ్రుక్‌లో కూడా. వియన్నాలో కూడా."

కర్లోని ఫోను కిందికి దించాడు. "నేను పక్క గదిలో గుర్రుపెట్టి పడుకుని ఉంటే, ఇంతమంది పిల్లల్ని గాలికి వదిలి వెళ్ళావా? ఏ గదిలోనైనా పొగ లేచి ఉంటే? కంచే చేను మేస్తే ఇంక టేపులెందుకు, ఓర్నెల్లా?"

"అందుకే నేను మాట్లాడతానంటున్నాను."

"ఊరుకో. పొద్దున సంగతి నేనూ చూడనట్టే ఉంటాను. ఇద్దరి గొడవా ఉండదు."

"వాడు నాకోసం చూడనట్టుండబోయాడు. నువ్వు కూడా వద్దు" అని ఆమె ఫోను అందుకుంది.

ప్రిన్సిపాల్ గారు చివరి దాకా విన్నారు. మధ్యలో ఒక్కసారి, "రోజూనా?" అని మాత్రం అడిగారు. తర్వాత అన్నారు: "టీచరు లేదని చూసి వెతుక్కుంటూ వెళ్ళిన పిల్లవాడి మీద నేనేమీ రాయను. వాడు పరీక్ష రాస్తాడు. మీరు మాత్రం ఇకమీదట యాత్రలకు వెళ్ళరు. మిగతాది వచ్చాక మాట్లాడదాం." ఫోను పెట్టేశారు. ఓర్నెల్లా ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు కర్లోనికి చెప్పింది. ఎలియాకు సగమే చెప్పింది. వాడు "రాస్తానా? నిజంగా?" అని రెండుసార్లు అడిగి, పరుగెత్తుకుంటూ పోయి సెత్తిమియో మెడ మీద పడ్డాడు. ఆయన చేతిలో కాఫీ ఒలికింది. తిట్లు మాత్రం అచ్చం ఫొలీన్యో వీధుల్లో వినిపించే తిట్లే.

మ్యూనిక్‌లో ఆఖరి రాత్రి. ఓర్నెల్లా మామూలుగానే, జినెవ్ర గది తప్ప మిగతా తలుపులన్నిటికీ టేపులు అంటించింది. అయ్యాక చుట్ట జినెవ్ర చేతికిచ్చి, "నాది నువ్వు వెయ్యి. నీ గదిది మాస్టారు వేస్తారు" అంది. జినెవ్ర నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేసి, జాగ్రత్తగా అంటించింది.

తెల్లవారుజామున ఎక్కడో గంటలు మోగాయి. ఆమె అప్పటికే లేచి ఉంది. అలవాటు కొద్దీ కోటు చేతిలోకి తీసుకుంది. మళ్ళీ కుర్చీ మీద వేసింది. గంటలు మోగినంతసేపూ మంచం అంచున కూర్చుని ఉంది. జపమాల చేతిలో ఉంది గానీ ప్రార్థన ఏదీ నోటికి రాలేదు. వెళ్ళనందుకు ఆయనకు కోపం వచ్చిందని గానీ, ఉండిపోయినందుకు సంతోషించాడని గానీ ఆమెకు ఏ గుర్తూ అందలేదు. కాసేపటికి గంటలు ఆగాయి. గోడ అవతల ఎవరో దగ్గారు. ఇంకెవరో నిద్రలో ఏదో గొణిగారు.

పిల్లల్ని లేపే వేళకు లేచి తలుపు లాగింది. టేపు చిర్రుమని ఊడింది. ఈసారి ఆ చప్పుడేమిటో ఆమెకు తెలుసు. వరండా అవతలి గుమ్మంలో తన గది టేపు ముక్క చేత్తో పట్టుకుని ఎలియా నిలబడి ఉన్నాడు. జుట్టు రేగి ఉంది, కళ్ళు సగమే తెరుచుకున్నాయి.

"మీరు బయటికి వచ్చే దాకా నేనూ రాలేదు టీచర్" అన్నాడు. "మీది సరిగ్గానే ఉందా?"

"ఉంది" అంది ఓర్నెల్లా. "పద, మిగతావాళ్ళను లేపుదాం."