కొండమొసలి అసలు కథ

నిర్మల్‌లో మ్యాట్నీ వదిలాక బస్సెక్కింది మొదలు భైంసాలో దిగేదాకా గంగుబాయి తిడుతూనే ఉంది. ఆమె తిట్లు నాకు కొత్త కాదు. కానీ ఒక సినిమాను పట్టుకొని దారి పొడుగునా తిట్టడం, వెనక సీట్లోవాళ్లు కూడా అవునవునని తలాడించడం అదే మొదటిసారి చూశాను.

"గంత పెద్ద మొసలిని తయారు చేసిన్రు. దానికొక కథ పెట్టేటందుకు ఏం రోగమొచ్చింది వీళ్లకు," అంటుంది.

కొండమొసలి అన్నది మేం పెట్టుకున్న పేరు. దాని ఇంగ్లీషు పేరు మాలో ఎవరికీ నోరు తిరగదు. సముద్రంలోంచి కొండంత మొసలి లేచి వచ్చి పట్నాన్ని తొక్కేసే పాత సినిమా ఒకటి, నలుపు తెలుపుది, డెబ్బై నాలుగులో మా భైంసాకు వచ్చింది. ఇరవై నాలుగేళ్ల తర్వాత, అంటే ఈ తొంభై ఎనిమిదిలో, దాన్నే కంప్యూటర్లు పెట్టి రంగుల్లో మళ్లీ తీశారు. తెలుగు మాటలు కూడా అతికించి పంపారు. దానికోసం నలుగురం పని మానుకొని నిర్మల్ పోయాం. నలుగురమంటే, టీకొట్టు గంగుబాయి, దర్జీ సిద్దిరాములు, దుబాయి నుంచి వచ్చి పొలం చూసుకుంటున్న రాయమల్లు, నేను. నా పేరు లింగమూర్తి. బస్టాండు వెనక మైకుసెట్లు కిరాయికిచ్చే దుకాణం నాది.

మరునాడు పొద్దున్నే నా దుకాణం ముందు బెంచీ మీద పంచాయితీ మొదలైంది. సినిమాను ఎట్లా బాగుచెయ్యాలన్నది సంగతి. తీసినవాళ్లు దేశం కాని దేశంలో ఉన్నారని, మా సలహాలు వాళ్లకు చేరవని ఎవరికీ పట్టలేదు.

ముందు గంగుబాయి అందుకుంది. డేరా టాకీసు రోజుల్లో ఆమె పల్లీలు అమ్మేది, ప్రతి ఆటా చూసింది. "మొసలిని మొదట్నే చూపెట్టుడు బంద్ చెయ్యాలె. పాతదాంట్ల రెండో రీలు దాక ఉత్త తోకనే. జనం పల్లీలు నోట్ల పెట్టుకొని నములుడు మరిచిపోయేది. గీ కొత్తదాంట్ల నేను కూసునే లోపలనే మొసలి వచ్చి నిలబడ్డది, సుట్టం లెక్క."

సిద్దిరాములు బాధ వేరు. "పాత మొసలికి వీపు మీద కుట్టు కనపడేది, అన్నా. యాదికున్నదా? లోపల మనిషిని పెట్టి, ఎవడో దర్జీ కూసొని, గంత తోలు కుట్టిండు. నేను గా కుట్టు చూసెటందుకే నాలుగుసార్లు పోయిన. గీ కంప్యూటర్ మొసలికి కుట్టు లేదు, అతుకు లేదు. దాన్ని చూసి ఏం నేర్చుకోవాలె?"

రాయమల్లు టీ తాగి గ్లాసు కింద పెట్టి అన్నాడు. "కుట్టు పోతే పోయె. అన్నదమ్ములను ఎట్ల తీసేస్తరు? గెట్టు పంచాయితీ లేని కొండమొసలి ఏం కొండమొసలి?"

"గదే నేననేది," అంది గంగుబాయి. "కథకు పానమే గది."

నేను మైకు వైర్లు చుట్టుకుంటూ తల వంచుకున్నాను.

అసలు సంగతి ఇక చెప్పక తప్పదు. డెబ్బై నాలుగులో పత్తి మార్కెట్టు వెనక మైదానంలో జనార్దన్‌రావు దొర డేరా టాకీసు నడిపేవాడు. నేను గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ణి. పత్తి బండ్లు కట్టుకొని వచ్చిన రైతులు ఆ రోజు కాంటా మీద తూకం కాకపోతే ఫస్టు షోకు వచ్చి ఇసుకలో కూర్చునేవాళ్లు. సగం మందిది తెలుగు, సగం మందిది మరాఠీ. ఒకసారి రావాల్సిన తెలుగు సినిమా డబ్బాలు రాలేదు, వాటి బదులు ఇంగ్లీషు డబ్బాలు దిగాయి. ఇంగ్లీషు బొమ్మ ఆడితే తెర పక్కన ఒకడు నిలబడి కథ చెప్పడం అప్పట్లో డేరాల్లో మామూలే. దొర నన్ను పిలిపించాడు.

"లింగమూర్తీ, నువ్వు ఇంగ్లీషు సదివినవు గద. మైకు పట్టుకొని జనానికి సమజయ్యేటట్టు చెప్పు."

నేను పదో తరగతి రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఇంగ్లీషులోనే తప్పాను. కానీ దొర ముందు నాకు రాదని చెప్పే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికుంది? మైకు పట్టుకున్నాను.

తెర మీద తెల్లకోటు ఒకడు, మిలిటరీ బట్టలు ఒకడు. ఎప్పుడు ఎదురుపడ్డా ఇద్దరూ కొట్టుకునేటట్టే మాట్లాడుకుంటున్నారు. ఎందుకో నాకేం తెలుసు? అన్నదమ్ములని చెప్పాను. సముద్రం ఒడ్డున రెండెకరాల చెలక ఉందని, ఆ పొలం హద్దు గెట్టు దగ్గర పంచాయితీ అని చెప్పాను. తమ్ముడు గెట్టు దాటి బావి తవ్వించాడని, ఆ గడ్డపార దెబ్బకే కింద నిద్రపోతున్న కొండమొసలికి మెలకువ వచ్చిందని చెప్పాను. నాకు తెలిసిన గొడవ గెట్టు గొడవ ఒక్కటే మరి. మరాఠీవాళ్ల కోసం నడుమనడుమ "మగర్ ఆలీ, పళా పళా" అని, అంటే మొసలొచ్చింది పారిపోండని, అరిచాను. డేరా మొత్తం ఊపిరి బిగబట్టింది. అంత గొప్పగా నేను ఏ పనీ చేయలేదు, అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ.

చివర్లో తెల్లకోటువాడు చేతిలో ఏదో సీసా పట్టుకొని మొసలికి ఎదురుగా నడుస్తాడు. మిలిటరీవాడు వెనక నుంచి అరుస్తాడు. తెల్లకోటువాడు ఒక్కసారి తిరిగి చూసి రెండు ముక్కలు చెప్పి పోతాడు, మళ్లీ రాడు. ఆ రెండు ముక్కలకు నేను చెప్పిన మాట ఇది: "తమ్మీ, గెట్టు నా దిక్కు ఎంత జరుపుకుంటవో జరుపుకో. నువ్వు గూడ ఇంత నా దిక్కు జరుగు."

మొదటిరోజే ఆడవాళ్ల వైపు నుంచి ముక్కులు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. పద్దెనిమిది రోజులు ఆడింది ఆ బొమ్మ. నాలుగో రోజో ఐదో రోజో ఇసుకలో కూర్చున్నవాళ్లలో రాయమల్లు ఉన్నాడు. అప్పటికి వాడికీ వాళ్లన్న అంజన్నకూ నాలుగేళ్లుగా గెట్టు తగాదా. కోర్టులో కేసు. ఒకరి ఇంట్లో చావుకు ఇంకొకరు పోని వైరం. ఆ సినిమా చూసిన తెల్లారి రాయమల్లు నేరుగా అన్న ఇంటికి పోయాడు. వారం తిరక్కుండా కేసు వాపసు తీసుకున్నారు. తర్వాత వాడు దుబాయి పోతే పంతొమ్మిదేళ్లు వాడి పెళ్లాం బిడ్డలను, పొలాన్ని అన్నే చూశాడు. ఇప్పటికీ రాయమల్లు కనపడినవాడికల్లా చెప్తాడు, "గా సిన్మా నా ఇల్లు నిలబెట్టింది" అని.

ఆ ఇంటిని నిలబెట్టింది సినిమా కాదు, ఇంగ్లీషు తప్పిన గేటువాడి కోతలని తెలిస్తే వాడేమైపోతాడు? నేను ఇన్నేళ్లూ వాడి ఎదుట కూర్చుని టీ తాగుతూ అవునవునన్నాను. ఇప్పుడు వాడి ముందు దొంగగా నిలబడాల్సి వస్తుందేమోనని నాకు భయం. మాట పడతానని కాదు, వాడు దూరమవుతాడని. నాకున్న స్నేహితుడు వాడొక్కడే.

ఆ రోజు పంచాయితీ అంతటితో అయిపోయేది. కానీ కాలేజీ లెక్చరర్ శ్రీధర్‌రావు మైకుసెట్టు కోసం వచ్చి మా మాటలు విన్నాడు.

"పాతది నేను హైద్రాబాద్‌ల చూసిన. అండ్ల అన్నదమ్ములెవరు లేరు గదా," అన్నాడు.

గంగుబాయికి ఒళ్లు మండింది. "సారు నిద్రపోయి ఉంటరు," అంది. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వును మాత్రం ఆమె మరిచిపోలేదు. సాయంత్రానికల్లా రాయమల్లు మీద పడింది. "దుబాయికెళ్లి క్యాసెట్లు తెచ్చినవు గద. పాతది లేదా నీ తాన?"

రాయమల్లు నీళ్లు నమిలాడు. "ఉండాలె. ఏడున్నదో చూడాలె."

"చూడు. సారును పిలిచి కూసోబెట్టి చూపిద్దాం."

పది రోజులు రాయమల్లు దొరకలేదు దొరకలేదు అంటూ నెట్టుకొచ్చాడు, గంగుబాయి పట్టు వదల్లేదు. లెక్చరర్ మాత్రం పని ఉందని తప్పించుకున్నాడు. ఆఖరికి ఆదివారం మధ్యాహ్నం రాయమల్లు ఇంట్లో చూద్దామని ఖాయమైంది. శనివారం పొద్దున నేను ఒప్పుకుందామని వాళ్ల ఊరికి పోయాను. వాడు చేనులో అన్నతో కలిసి పురుగుమందు కొడుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఇద్దరూ గట్టు మీదికి వచ్చి నాకు మంచినీళ్లిచ్చారు. చెప్పలేకపోయాను. పత్తి ఎట్లా ఉందని అడిగి తిరిగొచ్చాను.

ఆదివారం పోయాం. వీసీఆర్ మీద గుడ్డ తీసి రాయమల్లు క్యాసెట్ తోశాడు. నేను తలుపు దగ్గర కూర్చున్నాను, లేచి వెళ్లిపోవడానికి వీలుగా. తెర మీద గీతలు వచ్చాయి. తర్వాత బాజాలు వినపడ్డాయి. పందిరి కనపడింది. పసుపు బట్టల్లో పెళ్లికూతురు కనపడింది.

"గిదేందిది?" అంది గంగుబాయి.

"అయ్యో," అన్నాడు రాయమల్లు. "మా అన్న బిడ్డ పెండ్లి. దీని మీదనే ఎక్కించినట్టున్నరు."

సిద్దిరాములు పడిపడి నవ్వాడు. గంగుబాయి రాయమల్లును నాలుగు తిట్లు తిట్టి, అంతలోనే పెళ్లికూతురి చీర ఎక్కడ కొన్నారని అడిగింది. అందరూ పెళ్లి చూడటంలో పడిపోయారు. తెర మీద అంజన్న పీట మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడుగుతున్నాడు. పక్కన రాయమల్లు చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. నీళ్లు ఎక్కువ పోశాడేమో, అన్న తలెత్తి ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్సు టైమయిందని చెప్పి లేచాను.

రాయమల్లు నా వెనకే వచ్చాడు. బస్సు ఆగే చోట కల్వర్టు మీద ఇద్దరం కూర్చున్నాం. ఎండ ఇంకా దిగలేదు.

"లింగమూర్తీ, గా పాత సిన్మా నేను ఎనభై రెండులనే చూసిన," అన్నాడు వాడు.

నేను బస్సు కోసం చూడటం మానేసి వాడి వైపు తిరిగాను.

"దుబాయిల, మా క్యాంపు రూముల. క్యాసెట్ దొరికిందని సంబురంగ కొనుక్కొచ్చిన. పదిమందిమి కూసున్నం. మాతోని ఇంగ్లీషు వచ్చిన హైద్రాబాదీ ఒకడుండె. గాయిన చెప్పిండు. వాళ్లు అన్నదమ్ములు గాదట, దోస్తులట. గెట్టు లేదు, బావి లేదు. ఆఖర్ల తెల్లకోటోడు ఏమన్నడో ఎరికేనా? తలుపు మూసుకోండ్రి అన్నడట."

నాకు నవ్వొచ్చింది. అంత సిగ్గులోనూ నవ్వాను. వాడూ నవ్వాడు.

"కోపం రాలేదా నా మీద?"

"వచ్చింది. ఒక దినమంత వచ్చింది. నన్ను పిచ్చోణ్ణి చేసినవ్ అనుకున్న. తెల్లారి అన్న ఉత్తరం అందింది. వానకు మన పసుల కొట్టం కూలింది, మళ్ల కట్టించిన, నువ్వు ఫికర్ చెయ్యకు అని రాయించిండు. ఇగ కోపం ఏడ నిలుస్తది?"

"మరి ఇన్నేండ్లు నాకు చెప్పకపోతివి."

"నువ్వు దాచుకుంటివి. నేనెందుకు బైటపెట్టాలె? గందుకే పెండ్లి వీడియో దాని మీదనే ఎక్కించుమన్న." నా వైపు చూశాడు. "ఒక్కటే అడుగుదామని పదహారేండ్ల సంది ఉన్నది. సిన్మాల లేని మాట నీకు ఏడికెళ్లి వచ్చింది?"

చెప్పాను. జైనూర్ దగ్గర మా ఊళ్లో నాకు హనుమండ్లు అనే అన్న ఉండేవాడని చెప్పాను. అరవై తొమ్మిదిలో గెట్టు మీద మాటామాటా పెరిగి, ఆయన మీద చెయ్యి చేసుకొని, మళ్లీ ముఖం చూపించలేక ఊరు వదిలి వచ్చానని చెప్పాను. ఆ మాట ఆయన నాతో అంటే బాగుండునని రోజూ అనుకునేవాణ్ణి. ఆయన అనలేదు కాబట్టి తెల్లకోటువాడితో అనిపించాను. మా దిక్కు నుంచి పత్తి తెచ్చేవాడు ఎవడైనా ఆ ఇసుకలో కూర్చుని ఉంటాడేమో, ఆ మాట మోసుకుపోయి ఆయన చెవిన వేస్తాడేమో అని పద్దెనిమిది రోజులూ ఆశపడ్డాను. ఆయన పోయి పదకొండేళ్లయింది. మట్టి పోయడానికి కూడా నేను లేను.

"నేను ఒక్కసారి విని అన్న తానికి పోయిన," అన్నాడు రాయమల్లు. "నువ్వు పద్దెనిమిది రోజులు చెప్తివి. నువ్వెందుకు పోకపోతివి?"

"నీకు చెప్పెటోడు ఉండె, రాయమల్లూ," అన్నాను. "నాకెవరు చెప్పిన్రు?"