దిక్కుమాలిన మోత

పిడుగు డ్రమ్స్ వాయిస్తాడు. ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు. బళ్లో చదివే రోజుల్లో రెండు పెన్సిళ్లతో బల్ల మీద దరువేసీ వేసీ చివరికి బల్ల చెక్క ఊడగొట్టినందుకు లెక్కల మాస్టారు పెట్టింది. ఆయన తిట్టాననుకున్నాడు. వీడు బిరుదనుకున్నాడు.

అదే బళ్లో అతనికి ముగ్గురు స్నేహితులు దొరికారు. పులి పాడేవాడు. పాడేవాడు అనడం మర్యాదకి, గర్జించేవాడు. తీగది గిటారు. మనిషి కూడా తీగలాగే సన్నగా ఉండి, చొక్కా వేసుకుంటే కొక్కేనికి తగిలించినట్టు వేలాడేది. మౌనిది బేస్ గిటారు. ఏడాది పొడుగునా అతను మాట్లాడే నాలుగు మాటల్లో మూడు ‘ఊ’లే. తీగ వాళ్ల నాన్నకి టైర్ల కొట్టుండేది. ఆ కొట్టు వెనక గదిలో, రబ్బరు కంపులో, నలుగురూ హెవీ మెటల్ నేర్చుకున్నారు. పక్కింటివాళ్లు గోడ మీద బాదేవారు. వీళ్లు ఆ దెబ్బల్ని కూడా తాళంలో కలిపేసుకునేవారు.

చదువులయ్యాక నాలుగు వేర్వేరు బ్యాండ్లు నలుగుర్నీ తలో దిక్కుకీ ఎగరేసుకుపోయాయి. నాలుగూ పేరు తెచ్చుకున్నాయి. పేరు వెనకే పగలు కూడా వచ్చాయి. అంటే పత్రికలవాళ్లు తెచ్చిపెట్టారు. అభిమానులు వర్గాలుగా చీలి ఒకరి పోస్టర్ల మీద ఒకరు మీసాలు గీసుకున్నారు. ‘పిడుగూ, తీగా ఒకే లిఫ్టు ఎక్కరు’ అని రాసిందో పత్రిక. అది అబద్ధమని చెప్పడానికి లేదు. పిడుగు వాళ్లింటికి లిఫ్టు లేదు కాబట్టి తీగ ప్రతి ఆదివారం మెట్లెక్కే వచ్చేవాడు. వచ్చి, పేకాటలో ఓడిపోయి, ముక్క దాచి దొరికిపోయి, తిట్లు తిని వెళ్లేవాడు. పులీ, మౌనీ కూడా ఆ ఆటకి తప్పేవారు కాదు. ఒకరి ఆంప్లిఫయర్ కాలిపోతే ఇంకొకరిది వెళ్లేది. పైగా పిడుగు పెళ్లి చేసుకున్నది పులి చెల్లెల్నే. ఆవిడ బళ్లో లెక్కల టీచరు.

“లెక్కలవాళ్ల చేతిలో చీవాట్లు నీ నుదుట రాసిపెట్టి ఉన్నాయిరా. మాస్టారు పోయారు, టీచరు వచ్చింది,” అనేవాడు తీగ.

ఇలా హాయిగా వెళ్లిపోతున్న సంసారంలో పులికి యాభయ్యో పుట్టినరోజు వచ్చింది. భోజనాలయ్యాక పులి ఇంటి వెనక షెడ్డులో నలుగురూ సరదాకి వాయించారు. పులి కూతురు దాన్ని ఫోన్లో తీసి లోకం మీదికి వదిలింది. తెల్లారేసరికి అభిమానులు నెత్తీనోరూ కొట్టుకున్నారు. బద్ధశత్రువులు ఒకరి నోట్లో ఒకరు కేకు పెట్టుకుంటున్నారు!

వారం తిరక్కుండా రికార్డుల కంపెనీ మేనేజరమ్మ వచ్చి కూర్చుంది.

“వేరే వేరే బ్యాండ్లలో పేరున్నవాళ్లు కలిస్తే దాన్ని సూపర్‌గ్రూప్ అంటారు,” అందావిడ. “మీరు ఊ అనండి చాలు.”

‘సూపర్’ అన్న ముక్క నలుగురికీ ఎవరి మట్టుకు వాళ్లకి తన గురించే అన్నట్టు వినిపించింది. ముందుగా ఊ అన్నవాడు మౌని కాదు, పిడుగు.

ఆ సాయంత్రం భార్య పరీక్ష పేపర్లు దిద్దుతూ, తల ఎత్తకుండానే అడిగింది. “మీ నలుగురూ ఇన్నేళ్లు ఎందుకు కలిసున్నారో తెలుసా?”

“ప్రాణస్నేహితులం కాబట్టి.”

“కాదండీ. కలిసి పని చెయ్యలేదు కాబట్టి. ఎవరి బ్యాండులో వాళ్లు మహారాజులు. ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటారు, మీరు నాలుగు దూరుస్తానంటున్నారు.”

“మేం కత్తులం కాదే. పిడుగులం.”

“అయితే మరీ బాగుంది,” అని ఆవిడ ఎవరో పిల్లాడికి సున్నా వేసింది.

మొదటి తగువు బ్యాండు పేరు దగ్గరే వచ్చింది. షెడ్డులో చేరి పులి ‘రక్తశిల’ అన్నాడు. తీగ ‘ఇనుప సంధ్య’ అన్నాడు. “అది పప్పుల మిల్లు పేరులా ఉంది,” అన్నాడు పులి. “నీది పళ్లపొడి పేరులా ఉంది,” అన్నాడు తీగ. పేరు ఎటూ తేలక, కోపం చల్లారడానికి నలుగురూ ఆంప్లిఫయర్లు చివరిదాకా తిప్పి ఒక పాట అందుకున్నారు. పాట సగంలో ఉండగా షెడ్డు తలుపు దభాలున తెరుచుకుంది. పులి తల్లి, అంటే పిడుగుకి అత్తగారు, చేతిలో అట్లకాడతో నిలబడి ఉంది.

“ఏమిట్రా ఈ దిక్కుమాలిన మోత! కంచాలు అలమారలోంచి వాటంతటవే దిగొస్తున్నాయి. యాభయ్యేళ్లొచ్చాయి, బుద్ధి ఇంకా దార్లోనే ఉంది!” అని, పిడుగు వైపు తిరిగి గొంతు తగ్గించింది. “మిమ్మల్ని కాదు నాయనా. అల్లుణ్ణి అంటానా? కానీ అందరికంటే గట్టిగా కొడుతున్నది మీరే.”

ఆవిడ వెళ్లిపోయాక నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“దిక్కుమాలిన మోత,” అన్నాడు మౌని, మెల్లిగా, రుచి చూస్తున్నట్టు.

పేరు కుదిరిపోయింది. మొదటి ఆల్బం ఆ పేరుతోనే వచ్చి దద్దరిల్లిపోయింది. కుర్రకారు నల్లచొక్కాల మీద ‘దిక్కుమాలిన మోత’ అని అచ్చు వేయించుకుని తిరిగారు. అత్తగారు చెవుల్లో దూది పెట్టుకుని మరీ మొదటి కచేరీకి వచ్చి, పక్క సీట్లో వాళ్లందరికీ పేరు పెట్టింది తనేనని చెప్పుకుంది. దూది మూలాన వాళ్ల జవాబులు ఆవిడకి వినపడలేదు, అది వేరే సంగతి. పిడుగు కొన్నాళ్లు నేల మీద నడవలేదు. ఇంట్లో భార్య కనిపించినప్పుడల్లా, చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేసేవాడు.

ఊరూరా తిరగడం మొదలయ్యాక అసలు కథ మొదలైంది. పులి గొంతు కాపాడుకోవాలంటూ వేన్నీళ్ల ఆవిరి పట్టుకుంటూ ప్రతిచోటికీ ఆలస్యంగా వచ్చేవాడు. వచ్చి, “బావా, డ్రమ్స్ కాస్త తగ్గించు, నా గొంతు వినపడట్లా,” అనేవాడు. డ్రమ్స్‌ని తగ్గించమనడం వానని కాస్త పొడిగా కురవమన్నట్టే కదా అని పిడుగు ఉద్దేశం. ఇక మౌని! ఇన్నాళ్లూ అతను మాట్లాడకపోవడానికి కారణం శాంతస్వభావం కాదని బస్సెక్కాక తెలిసింది. తన బ్యాండులో అతను యజమాని. కళ్లెగరేస్తే పని జరిగిపోయేది. ఇక్కడ ఎవరూ కళ్లు చూసేవాళ్లు లేకపోయేసరికి నోరు విప్పాడు. విప్పిన నోరు మళ్లీ మూతపడలేదు. పాటల వరస, లైట్ల రంగు, బస్సులో కిటికీ పక్క సీటు, అన్నింటి మీదా మౌనికి అభిప్రాయాలున్నాయి. “దేవుడా, వీడికి మాటలెవరు నేర్పారు?” అని తీగ తల పట్టుకునేవాడు.

తీగకి మాత్రం తక్కువ పిచ్చి ఉందా? అతని గిటారు సోలో, అసలైతే, పాట మధ్యలో వచ్చే చిన్న ముక్క. ఊరు మారేకొద్దీ అది పొడుగైపోయింది. కళ్లు మూసుకుని, మెడ వెనక్కి వాల్చి, తీగ ఎక్కడికో వెళ్లిపోయేవాడు. అతను తిరిగొచ్చేదాకా వెనకాల పిడుగు బాదుతూ ఉండాల్సిందే. పిడుగు విసిగి వేగం పెంచేవాడు. తీగ ఇంకా సాగదీసేవాడు.

ఒక ఊళ్లో అలాంటి సోలో నడుస్తుండగా పిడుగుకి ఓపిక నశించింది. కర్రలు కింద పెట్టి లేచి, తెర పక్కనుంచి వెనక్కి వెళ్లాడు. అక్కడ టీ కొట్టతను గ్లాసులు కడుక్కుంటున్నాడు.

“అప్పుడే అయిపోయిందా సార్?”

“నాది అయిపోయింది. వాడిదింకా ఉంది. చక్కెర తగ్గించి ఒకటివ్వు.”

తీరిగ్గా టీ తాగి, గ్లాసు చేత్తో పట్టుకునే తిరిగొచ్చేసరికి తీగ ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు. గ్లాసు చూసి హాలు హాలంతా ఈలలతో మారుమోగింది. మర్నాడు పత్రికలు ‘నిశ్శబ్దంతో గొప్ప ప్రయోగం’ అని రాశాయి. ‘ప్రాణస్నేహితుల మధ్యే ఇలాంటిది సాధ్యం’ అని కూడా రాశాయి. తీగ ఆ పత్రిక మడిచి బస్సు సీటు మీద పెట్టి వెనక సీటుకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆదివారం ఎవరూ మెట్లెక్కలేదు. ఆపై ఆదివారమూ అంతే. పిడుగు పేకముక్కలు బల్ల మీద పరిచి, మళ్లీ సర్దాడు. భార్య అయినా ‘నేను ముందే చెప్పానా’ అంటే తిరిగి ఒక మాట అని గుండె బరువు దించుకునేవాడు. ఆవిడ ఆ అవకాశం కూడా ఇవ్వకుండా టీ తెచ్చి పెట్టింది. టీ చూడగానే అతను కుర్చీలోంచి లేచాడు.

“నేనోసారి తీగ ఇంటికెళ్లొస్తానే,” అన్నాడు.

“వెళ్లిరండి. నాలుక కాస్త మెల్లిగా వాయించండి,” అంది ఆవిడ.

దారి పొడుగునా కారులో క్షమాపణ సాధన చేశాడు. ‘ఒరేయ్, తప్పంతా నాదే’ అని మొదలుపెడితే మరీ లొంగిపోయినట్టుంది. ‘తప్పు ఇద్దరిదీ’ అంటే తగువు మొదటికొస్తుంది. తీగ గుమ్మం చేరేసరికి ఇంకా ఏదీ తేల్చుకోలేదు. చెప్పులు విప్పబోతూ కిందికి చూశాడు. అక్కడ రెండు జతల బూట్లున్నాయి. ఇనుప గుబ్బలున్నవి పులివి. లేసులు కొలిచినట్టు ముడేసినవి మౌనివి. లోపల్నుంచి పులి గొంతు వినిపించింది; ఆ గొంతు గుసగుసలాడినా వీధి చివరిదాకా వినిపిస్తుంది.

“మా బావకి వేగం పిచ్చిరా. చిన్నప్పట్నుంచీ అంతే. అన్నం కూడా రైలు వెళ్లిపోతున్నట్టే తింటాడు.”

పిడుగుకి ఒళ్లు మండింది. వెనక్కి వెళ్లిపోదామనుకున్నాడు. కాళ్లు మాత్రం లోపలికే నడిచాయి. గదిలో ముగ్గురూ గతుక్కుమన్నారు. ఒక్క తీగ భార్యే తొణక్కుండా, “నూరేళ్లు మీకు! ఇప్పుడే మీ గురించే అనుకుంటున్నారు, రండి,” అంది.

“విన్నానమ్మా. వీధిలో వాళ్లు కూడా విన్నారు,” అన్నాడు పిడుగు. “ఏరా, నా మీద పంచాయితీ పెట్టి నాకు కబురు లేదా?”

“పంచాయితీ కాదురా,” అన్నాడు మౌని. “నేను పులి మీద చెప్పుకుందామని వచ్చా. వచ్చేసరికి వీడు నా మీద చెప్తున్నాడు. మొహమాటపడి ఇద్దరం కలిసి నీ మీదికొచ్చాం.”

ఎవరికీ నవ్వాలని లేదు. అయినా పులికి ముందు నవ్వు తన్నుకొచ్చింది, తర్వాత మౌనికి. తీగ మాత్రం గిటారు తీగెని గోటితో గీరుతూ కూర్చున్నాడు.

“టీ తాగడానికి వెళ్లడం తప్పేరా,” అన్నాడు పిడుగు. దారిలో తయారుచేసుకున్న వాక్యాల్లో ఇది లేదు.

“టీ గురించి కాదురా,” అన్నాడు తీగ. “మధ్యలో కళ్లు తెరిచి వెనక్కి చూశా. సీటు ఖాళీగా ఉంది. మళ్లీ మూసుకున్నా. ఇన్నేళ్లూ నా వెనక ఎవడెవడో వాయించాడు. ప్రతివాణ్ణీ నువ్వే అనుకుని వాయించుకున్నా. తీరా నువ్వే ఉన్న రోజున నువ్వు లేవు.” గిటారు పక్కన పెట్టి, “నీతో వాయించేది అయిపోతుందేమోనని సాగదీసేవాణ్ణి. అంతే,” అన్నాడు.

పిడుగు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. “నాకు కుడి మోకాలు పోయిందిరా,” అన్నాడు. “పెద్ద డ్రమ్ము తొక్కేది దాంతోనే కదా. నెమ్మదిగా తొక్కితే మధ్యలో పట్టేస్తుంది. వేగంగా పోతేనే నొప్పి తెలీదు. ఇంట్లో కూడా చెప్పలేదు.”

“మా చెల్లికి చెప్పలేదా?” పులి గొంతు నిజంగానే తగ్గింది. “చంపేస్తుంది బావా.”

“అందుకేగా చెప్పలేదు.”

తీగ భార్య అందరికీ టీ ఇచ్చింది. పిడుగుకి ఇస్తూ, “ఇక్కడే కూర్చుని తాగాలి,” అంది. ఈసారి తీగ కూడా నవ్వేశాడు.

చీకటి పడేలోగా నిర్ణయమైపోయింది. మేనేజరమ్మకి మాటిచ్చిన రెండో ఆల్బం పూర్తిచేసి, ఒక్క కచేరీ ఇచ్చి, బ్యాండు మూసేసి, మళ్లీ ఆదివారం పేకాటకి తిరిగెళ్లడం. ఆల్బం కోసం స్టూడియోకి ఎవరి రోజున వాళ్లు విడివిడిగా వెళ్లారు. ఒకరి ముక్క విని ఇంకొకరు ముచ్చటపడి, మర్నాడు దానికి తగ్గట్టు తమది వాయించుకున్నారు. అడ్డం చెప్పేవాడు ఎదురుగా లేకపోతే స్నేహితుడు ఎంత బాగా వాయిస్తాడో అప్పుడే తెలిసింది. మొదటిదానికంటే అదే మేలని అందరూ ఒప్పుకున్నారు.

ఆఖరి కచేరీకి హాలు కిటకిటలాడింది. తీగ సోలో మొదలుపెట్టాక, కళ్లు మూసుకోకుండా డ్రమ్స్ వైపు తిరిగి నిలబడ్డాడు. పిడుగు మోకాలికి పట్టీ కట్టుకుని, తీగ వేళ్లనే చూస్తూ, నెమ్మదిగా నడిపించాడు. ఒకచోట నొప్పి పెట్టి పాదం తడబడింది. తీగ అది కనిపెట్టి అక్కడో స్వరం ఎక్కువ పట్టుకుని ఆగాడు. పాదం కుదుటపడ్డాక ఇద్దరూ కలిసి ముందుకెళ్లారు. హాల్లో ఎవరికీ తెలియలేదు. పిడుగుకి చెమటతో పాటు ఇంకేదో కూడా కళ్లలోకి దిగింది. చేతులు ఖాళీ లేక తుడుచుకోలేదు.

కచేరీ ముగిసి జనం వెళ్లిపోతుండగా, పెద్ద డ్రమ్ము పెట్టెని ఒక కొస పిడుగు, ఇంకో కొస తీగ పట్టుకుని వెనక మెట్ల మీదుగా దింపసాగారు. మలుపు దగ్గర పెట్టె గోడకి ఇరుక్కుంది.

“ఎడమకి తిప్పరా,” అన్నాడు తీగ.

“నీ ఎడమకా, నా ఎడమకా?”

“ఎదురుబొదురుగా ఉన్నప్పుడు ఎవడి ఎడమైతే ఏంట్రా, పెట్టె ఎడమకి!”

“పెట్టెకి ఎడమ ఎక్కడుంటుందిరా గుండ్రంగా ఉంటే?”

కింద పులి వ్యానులో కూర్చుని హారన్ కొడుతున్నాడు. వాళ్లిద్దరూ పెట్టెని మెట్టు మీద దించి, దాని ఎడమ ఏదో తేల్చుకునే పనిలో పడ్డారు.