పేరు లేని ముక్కులు

"రెండు గంటల పని. పొద్దుమూకేసరికి మల్ల ఇంట్ల ఉంటవ్. ఇంకేం గావాలె నీకు?" అని మా ఆయన చంద్రకాంత్ మూడోసారి అడిగాడు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉన్నాను.

పద్నాలుగేళ్లుగా లేని తొందర ఈ వారంలోనే ఎందుకొచ్చిందన్నదే నా అనుమానం. మెదక్‌లో మా వార్డు ఈసారి మహిళలకు రిజర్వయింది. నా పేరు మీద నామినేషన్ వేయాలని ఆయనే నిర్ణయించాడు. ఆ రోజే హైదరాబాద్‌లో ముక్కు సరిచేసే డాక్టరు దగ్గర నాకు అపాయింట్‌మెంటూ తీసుకున్నాడు.

నా ఎడమ ముక్కుపుటం అంచున పెసరగింజంత ముక్క లేదు. దోస్తుల ముందు ఆయన చెప్పిన తేదీ తప్పని నేనన్న రోజు, ఆయన విసిరిన స్టీలు మూతకు తెగిపోయింది. "బాత్‌రూంల జారిపడ్డది" అని దవాఖానలో మా అత్తమ్మ యాదవ్వ చెప్పింది. నేను తలూపాను. అప్పటికి ఆరేళ్ల మా కూతురు సుమనకు ఇప్పటికీ అదే తెలుసు.

"ఫ్లెక్సీ ఫోటోల అయితే కంప్యూటర్‌తోని సాఫ్ జేస్తరు. ఇంటింటికి తిరిగేటప్పుడు ఆడోళ్లు అడుగుతరు గద?" అన్నాడాయన.

"నీ మంచికే చెప్తుండు బిడ్డా," అంది అత్తమ్మ. నన్ను బిడ్డా అనడం అదే మొదలు. పక్కన కూచుని చిక్కుడుకాయలు కూడా అందుకుంది. ఆ సాయం చూస్తే నాకింకా భయమేసింది.

నర్సింగ్ చదువుతున్న సుమన ఫోన్‌లోంచి తలెత్తింది. "భయపడకమ్మా, గిది మనోళ్ల విద్యనే. ఎన్నడో పాతకాలంల ఆకుతోని ముక్కు కొలిచి, చెంప మీది చర్మం తెచ్చి అతికిన్రట. ఊపిరాడనీకి ఆముదం కాడలు పెట్టిన్రట."

"ఇన్నవా? ప్రపంచానికే నేర్పినం," అన్నాడాయన, తనే అతికినట్టు.

"అన్ని ముక్కులు ఎట్ల తెగినయే?" అనడిగాను.

సుమన తెర మీద వేలు జరిపింది. "యుద్ధాలల్ల, శిక్షలల్ల..." ఆగింది. "మొగుళ్లు అనుమానపడ్డ ఆడోళ్లయి గూడ."

"గవన్ని ఎందుకే ఇప్పుడు?" అన్నాడు, చప్పున.

ఫోన్ తీసుకుని నేనే చదివాను. పుణె దగ్గర ఒక బండి తోలే మనిషికి నుదుటి చర్మంతో ముక్కు చేశారట. శత్రువులు కోసిన ముక్కు కాబట్టి లండన్ పత్రికలో బొమ్మతో సహా వేశారు. అతని పేరు కావాస్‌జీ. ఆడవాళ్ల పేర్ల కోసం కిందికంటా వెతికాను. ఒక్కటీ లేదు. కాడ ఏ చెట్టుదో రాసినవాళ్లకు ఆ ఆడవాళ్లు ఎవరో రాయాలనిపించలేదు. కట్లు విప్పాక ఆ ఆడవాళ్లు ఎక్కడికి పోయుంటారు? ఆ ఇంటికేనా? ఆ మొగుడికే వండిపెట్టి ఉంటారా? చుట్టాలొస్తే అతనా ముక్కు చూపించి, ఎంత మంచి వైద్యం చేయించానో అని చెప్పుకునుంటాడా?

మధ్యాహ్నం అందరికీ వడ్డించి, నేనూ కంచం పెట్టుకుని వాళ్ల మధ్యే కూచున్నాను.

"హైదరాబాద్‌కు నేను రాను," అన్నాను.

"మల్ల నామినేషన్?"

"వేస్త. తిరుగుడు గూడ నేనే తిరుగుత. ముక్కెట్ల తెగిందని ఎవలడిగినా, అయింది అయినట్టు చెప్త."

ఆయన చేయి కంచంలోనే ఆగింది. అత్తమ్మ తల దించుకుంది. సుమన అయోమయంగా ముగ్గురినీ చూసింది.

"ముందుగాల నీకే చెప్త బిడ్డా," అన్నాను.