లువార్ నది పాఠం

హరిత కుప్పంలో గది తీసుకుని, రోజూ రైల్లో బెంగళూరు వెళ్లి ఒక పెద్ద హోటల్లో వైన్ వడ్డించే పని చేస్తోంది. పుంగనూరులో ఉండే తల్లి చౌడమ్మకు మాత్రం హోటల్లో ఉద్యోగమని చెప్పి ఊరుకుంది. తండ్రి బైరప్ప సారాయి తాగి తాగి పోయాడు. ఆ ఇంట్లో సీసా మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాదు.

పైమెట్టు ఉద్యోగానికి రాయాల్సిన పరీక్షకు ఇంకా వారం ఉందనగా సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. మర్నాడు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి ఆమె పరీక్ష పుస్తకం చౌడమ్మ చేతిలో ఉంది. చౌడమ్మకు చదువు రాదు కానీ, పేజీ నిండా సీసాల బొమ్మలున్నాయి.

“ఏందమ్మా ఇది?”

హరిత దాచకుండా చెప్పేసింది.

“నువ్వూ తాగుతాండావా?”

“లేదుమా. నోట్లో పోసుకొని రుచి సూసి ఉమ్మేస్తాం.”

“మీ నాయనకు ఆ సదువు ఎవురూ చెప్పలేదే” అని, పుస్తకం అక్కడ పెట్టి చౌడమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం హరిత పైకి చదువుతుంటే, చౌడమ్మ చింతపండు గింజలు తీస్తూ వింది. ఫ్రాన్సులో లువార్ అనే నది. సముద్రం వైపు చలి తక్కువ, లోపలికి పోయేకొద్దీ ఎక్కువ. ఒకచోట మెత్తని తెల్ల సున్నపురాయి నేల, ఇంకోచోట పలకరాయి, మరోచోట చెకుముకి రాళ్లు. ఏప్రిల్‌లో మంచు పడితే ద్రాక్ష చిగుళ్లు మాడకుండా తోట సాళ్ల మధ్య మంటలు పెడతారు. తీపి వైన్‌కు పండించే షెనిన్ అనే రకం ద్రాక్షను నాలుగైదు విడతలుగా కోస్తారు.

“అన్ని కోతలు యాలనో, నాకు గుర్తుండడంల్యా” అంది హరిత.

“మదనపల్లి టమాటా తోటల్లో ఇరవై ఏండ్లు అదే కదా నేను చేసింది! ఒకే చెట్టుకు ఒగ కాయ పండింటాది, ఇంగోటి దోరగా ఉంటాది. ఎండ తగిలే పక్కవి ముందు ఎర్రబడతాయి. వానొస్తే పగిలి కుళ్లిపోతాయి.”

“ఆడ బూజు పట్టినవే మేలంటమా. తీపి ఎక్కువంట.”

చౌడమ్మ నవ్వింది. “బూజు పట్టిన కాయలకా ఇంత సదువు!”

పరీక్షలో ఆ కోతల గురించే ప్రశ్న వచ్చింది. హరిత రెండు పేజీలు రాసింది. పాసయింది.

ఆ తర్వాతి ఆదివారం హరిత ఇంటికి వచ్చినప్పుడు, పాలు పోసే రుక్మిణమ్మ వాకిట్లో నిలబడి అడిగింది: “మీ పాపది ఏం పనిమ్మా బెంగుళూర్లో?”

హరిత గుమ్మంలోనే ఆగిపోయింది.

“ద్రాక్ష సారాయి పరీక్ష రాసి పాసయింది” అంది చౌడమ్మ, గిన్నె ముందుకు చాపుతూ.