ఖాళీగానే ఉంది కదా

"ఖాళీగానే ఉన్నావుగా, ఈ చొక్కాకి కాస్త గుండీ కుట్టిపెట్టు" అన్నారు మా ఆయన. అప్పటికి నా ఒళ్ళో ఆరిన బట్టల కుప్ప, పొయ్యి మీద పాలు, చెవిలో అత్తయ్య పిలుపు ఉన్నాయి. సూదిలో దారం ఎక్కిస్తూ నేను విషయసూచిక గురించి ఆలోచిస్తున్నాను.

నలభై దాటాక పత్రికల పేజీలు తీర్చిదిద్దడం నేర్పే కోర్సులో చేరాను. క్లాసులో పిల్లలు మొదట ఆంటీ అన్నారు, తర్వాత అక్కా అన్నారు, నోట్సు కావాల్సినప్పుడు మాత్రం అక్కగారూ అంటారు. "ఈ వయసులో చదివి ఎవరిని ఉద్ధరించాలట?" అన్నారు అత్తయ్య. "పోనీలే అమ్మా, దానికీ కాస్త కాలక్షేపం" అన్నారు ఆయన. ఆ "పోనీలే"యే నాకు దొరికిన అనుమతి. ఒళ్ళు మండింది. అయినా పుచ్చుకున్నాను.

ఏదైనా పాత పత్రిక తీసుకుని, దాని విషయసూచిక పేజీని కొత్తగా తయారుచేయాలి. అదీ ప్రాజెక్టు. ఎవరిది బాగుంటే కాలేజీ పత్రిక పేజీలన్నీ వచ్చే ఏడాది వాళ్ళ చేతికే. నాకది కావాలి. ఎన్నేళ్ళయిందో ఏదైనా ఇంతగా కోరుకుని. అత్తయ్య తెప్పించుకునే ఆడవాళ్ళ మాసపత్రిక తీసుకున్నాను. కథ, సీరియల్, ఆరోగ్యం, వంటిల్లు, కుట్లూ అల్లికలూ అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. సందు దొరికిన చోటల్లా ఒక పువ్వు బొమ్మ. నేను చేసిన మొదటి పేజీ దానికి తోబుట్టువులా తయారైంది. అరలో జానెడు చోటు కనిపిస్తే డబ్బా పెట్టేసే చేయి మరి.

మాకు పాఠం చెప్పే మేడమ్ నాకంటే చాలా చిన్నవారు. పేజీ చూసి నవ్వేశారు. "దీనికి ఊపిరాడట్లేదండీ. కాస్త ఖాళీ వదలండి."

"ఖాళీ వదిలితే పని ఎగ్గొట్టాననుకుంటారేమో మేడమ్."

"మిగిలిపోతే అది ఖాళీ. మీరు కావాలని వదిలితే అదీ పనే."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ వారమంతా ఇంట్లో ఉన్నానంటే ఉన్నాను, అంతే. పువ్వుల్ని ఒక్కొక్కటే తీసేశాను. శీర్షికల్ని పేజీ అడుగుకు జరిపాను. పైనంతా తెల్లదనం పరుచుకుంది, అప్పుడే తడిగుడ్డ పెట్టిన గదిలా, ఇంకా ఎవరి కాలూ పడకుండా. గిన్నెలు తోముతూ, బస్సులో నిలబడి, అత్తయ్యకు మాత్రలు అందిస్తూ అక్కడికి వెళ్ళొస్తుండేదాన్ని. అక్కడ ఎవరూ పిలవరు. వెల్లకిలా పడుకుని చేతులు చాపితే గోడ తగలదు. దూరంగా, కింది మూలన, కథ పేరు మినుకుమినుకుమంటూ ఉండేది. చదవాలనిపిస్తే లేచి వెళ్ళొచ్చు, లేకపోతే లేదు. కూర అడుగంటింది. "మనసెక్కడ పెట్టావమ్మా?" అన్నారు అత్తయ్య. చెబితే నమ్మరు.

ప్రాజెక్టు చూపించే ముందురోజు సాయంత్రం మంచి కాగితం మీద ప్రింటు తీయించి భోజనాల బల్ల మీద పెట్టాను. పొద్దున్న చూద్దును కదా, ఆ తెల్లదనం నడిమధ్య నీలి సిరాతో పెద్ద పెద్ద అంకెలు, వాటి కింద "ప్లంబర్, వంటింటి కుళాయి" అని రాసి, అడుగున రెండు గీతలు.

"ఇదేంటండీ?"

"పదింటికి వస్తాడు. నువ్వుంటావుగా" అన్నారు పేపరు లోంచి తల ఎత్తకుండా.

"ఇది నా ప్రాజెక్టు. ఇవాళ చూపించాలి."

"అయ్యో, చిత్తుకాగితం అనుకున్నాను. అంత పేజీలో నాలుగే ముక్కలు ఉంటే! ఖాళీగానే ఉంది కదా అని రాశాను."

ముందు ఏడుపొచ్చింది. నిజంగానే ఆయనకు కోపం లేదు, కక్ష లేదు. ఎక్కడ ఏమీ రాసి లేకపోతే అక్కడ తను రాసుకోవచ్చు, అంతే. పెళ్ళయిన నాటి నుంచి నా రోజుల మీద కూడా ఇలాగే, ఇంత మంచిగానే రాస్తూ వచ్చారు. పాలవాడు, కరెంటు బిల్లు, మామయ్యగారి డాక్టరు, ఆడపడుచు పిల్లల పరీక్షలు. నేనూ ఏ మూలా చోటు మిగలకుండా సర్దుకుంటూ వచ్చాను.

కళ్ళు తుడుచుకుని పెన్‌డ్రైవు సంచిలో వేసుకున్నాను. ఇప్పుడు బయల్దేరితే ప్రింటు కొట్టు తెరిచేసరికి అక్కడుంటాను.

"టిఫినూ అదీ లేకుండా ఎక్కడికే?" అన్నారు అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి.

కాగితాన్ని మడిచి ఆయన చేతిలో పెట్టాను. "నంబరు దీని మీదే ఉంది. ప్లంబర్ వచ్చేసరికి మీరుండండి."

"నేనా? ఆఫీసు లేదూ నాకు?"

"సెలవు పెట్టండి" అన్నాను చెప్పులు వేసుకుంటూ. "నాకు ఖాళీ లేదు."