గ్లాసు మజ్జిగ

నాట్లేసి నడుం పట్టేసినప్పుడల్లా జమ్లికి తండా ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ గోలీలిచ్చి, "సల్ల బంద్ చెయ్యక్కా, వాతం జేస్తది" అనేవాడు. ఏళ్ల తరబడి ఆమె మజ్జిగ మానేసి నోరు కట్టుకుంది. నడుం నొప్పి పోలేదు సరికదా, కడుపు కూడా చెడింది.

ఇవాళ బాన్సువాడ దవాఖానలో డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవులుంటాయట. అక్కర్లేని గోలీలు వాటిని చంపేశాయట. నొప్పి వదలకపోవడానికి అదీ ఓ కారణం కావచ్చట. రోజూ మజ్జిగ తాగమంది.

బస్సు దిగిన జమ్లి నేరుగా ఆర్‌ఎంపీ దగ్గరికే పోయింది. అన్నం తింటున్న అతను తలెత్తకుండానే గోలీల డబ్బా తెరిచాడు.

"మల్ల నొప్పేనా అక్కా? సల్లగిట్ల తాగినవా ఏంది?"

అతని కంచం పక్కనే గ్లాసు నిండా మజ్జిగ ఉంది.

జమ్లికి ఒళ్లు మండిపోయింది. ఆ గ్లాసెత్తి గోలీల డబ్బాలో కుమ్మరించింది.

"నాకు వాతం జేసే సల్ల నీకు సలువ జేస్తదారా? తాగు ఇగ, నీ గోలీలు నంజుకుంట తాగు!"